ప్రస్తుతం, అప్రస్తుతం: ట్యాబ్‌పై విద్యార్థి అవధానం గురించి ఒక నైతిక పరిశీలన

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లోని ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. ఆ విడతలో సుమారు 4.6 లక్షల మంది విద్యార్థులకు, 59 వేల మంది ఉపాధ్యాయులకు వాటిని అందజేస్తున్నట్లు ప్రకటించింది. పాఠాలను ముందుగానే నింపి ఇచ్చారు. పాఠ్యేతర విషయాలు తెరుచుకోకుండా రక్షణ సాఫ్ట్‌వేర్ అమర్చినట్లు కూడా చెప్పారు. తరువాత జరిగిన చర్చ ఎక్కువగా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. ట్యాబ్ వల్ల చదువు మెరుగుపడుతుందా? పిల్లలు దానిని దుర్వినియోగం చేయరా? మొదటిది ఫలితాన్ని గురించిన ప్రశ్న, రెండోది కాపలాను గురించినది. ఈ రెండింటి నడుమ మరో ప్రశ్న అడగకుండానే మిగిలిపోయింది. పదమూడేళ్ల విద్యార్థికి తన దృష్టిని తాను నిలుపుకోవడం నేర్పే బాధ్యత ఎవరిది? ఆ నేర్పడంలో ఎంతవరకు విద్య, ఎక్కడినుంచి నిర్బంధం?

తరగతి గదిలో ఈ ప్రశ్న చాలా చిన్న రూపంలో ఎదురవుతుంది. ఉపాధ్యాయిని పిల్లలచేత ట్యాబ్ తెరిపిస్తారు. తెరమీద చెల్లాచెదురుగా ఉన్న యాప్‌లలో రోజూ అవసరమయ్యే నాలుగైదింటిని మొదటి పేజీలో ఉంచమంటారు. మిగిలినవాటిని ఫోల్డర్లలో సర్దమంటారు. నోటిఫికేషన్లు ఆపే చోటు చూపిస్తారు. పాఠం నడుస్తున్నంతసేపు ఒకే యాప్ తెరమీద నిలిచేలా పిన్ చేయడం నేర్పుతారు. ఇదంతా అరగంటలో ముగిసే పని. దీనిని డిజిటల్ నైపుణ్యాల పద్దులో రాసుకుని ముందుకు సాగిపోవడం సులభం. అయితే ఏది చేతికి దగ్గరగా ఉండాలి, ఏది దూరంగా ఉండాలి, ఏది అసలు కంటబడకూడదు అన్న నిర్ణయం నైపుణ్యంతో తేలేది కాదు. అది విలువను నిర్ణయించే పని. అవధానాన్ని ఒక విద్యగా, ఒక సభావ్యవహారంగా తరతరాలుగా సాధన చేసిన తెలుగు సాహిత్య సంప్రదాయానికి ఈ విషయంలో చెప్పగలిగినది కొంత ఉంది. దానిని ఈనాటి తరగతి గది ముందు పెట్టి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘ఉంచడం’ అనే ధాతువు

దృష్టి నిలపడాన్ని చెప్పే మాటలు తెలుగులో ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చినవే. వాటిలో ఏకాగ్రత ఒక్కటే కొనను, మొనను సూచిస్తుంది. ‘ఏక’, ‘అగ్ర’ పదాల కలయిక అది. అవధానం, శ్రద్ధ, సమాధానం అనే మూడింటిలోనూ ఉన్న ధాతువు ‘ధా’. దానికి ఉంచడం, నిలపడం అని అర్థం. మనసును ఒక విషయం మీద ఉంచడం అవధానం. నమ్మకాన్ని ఉంచడం శ్రద్ధ. చెదిరినదాన్ని కూర్చి ఉంచడం సమాధానం. ఆ పదం ప్రశ్నకు జవాబునూ మనసు కుదుటపడటాన్నీ ఒకేసారి చెప్పగలగడం గమనార్హం. తెలుగులో నెమ్మదికి వాడే నిధానం కూడా రూపంలో ఈ కుటుంబానిదే. వీటికి ఎదురుగా నిలిచే పదం సైతం ఇదే ధాతువు నుంచి పుట్టింది. రెండింటి నడుమ వచ్చి అడ్డుపడేది వ్యవధానం.

ఈ పదచర్చ వినోదానికి చేసింది కాదు. ఏకాగ్రత అన్న పదం మనసును బాణం మొనగా ఊహించుకుంటుంది, దానికి లక్ష్యం ఒకటి చాలు. అవధానమనే పదం మాత్రం మనసుకు ఒక చోటు కావాలని, ఆ చోటును ఎవరో ఎంచుకోవాలని సూచిస్తుంది. తెరమీద యాప్‌లను సర్దడం, మనసును పాఠం మీద పెట్టడం వేర్వేరు పనులుగా కనిపిస్తాయి. ఆ పదం వైపు నుంచి చూస్తే రెండూ ఉంచే పనులే. ఒకటి కంటికి కనిపిస్తుంది, రెండోది కనిపించదు. కనిపించేదాన్ని అభ్యాసంగా పెట్టి కనిపించనిదాన్ని నేర్పవచ్చునా అన్నది బోధనలో అసలు చిక్కు.

ద్రోణుడు పెట్టిన పరీక్ష

ఏకాగ్రత ప్రసంగం రాగానే మహాభారత ఆదిపర్వంలోని పక్షి కథ చెప్పడం బడులలో ఆచారం. చెట్టుమీద కృత్రిమ పక్షిని ఉంచి, శిష్యులను ఒక్కొక్కరినే పిలిచి, ఏమి కనిపిస్తున్నదని ద్రోణుడు అడుగుతాడు. ధర్మరాజు తనకు చెట్టూ పక్షీ గురువూ సోదరులూ అందరూ కనిపిస్తున్నారంటాడు. అతడిని పక్కకు తప్పుకొమ్మంటాడు గురువు. తక్కినవారికీ అదే గతి. అర్జునుడికి పక్షి మాత్రమే, చివరకు దాని తల మాత్రమే కనిపిస్తుంది. బాణం వదలమని అనుమతి లభించేది అతనికే.

ఈ కథను విద్యార్థులకు చెప్పేవారు సాధారణంగా రెండు విషయాలు వదిలేస్తారు. మొదటిది, ద్రోణుడు చెట్టును నరికించలేదు, శిష్యుల కళ్లకు గంతలు కట్టలేదు, సోదరులను దూరంగా పంపలేదు. చూపును చెదరగొట్టగలిగినవన్నీ చుట్టూ ఉండగానే అర్జునుడి చూపు నిలిచింది. రక్షణ సాఫ్ట్‌వేర్ చేసే పని దీనికి సరిగ్గా విరుద్ధం, అది చెట్టును లేకుండా చేస్తుంది. రెండోది మరింత ఇబ్బందికరమైనది. అది పరీక్షే తప్ప పాఠం కాదు. చూపు నిలవనివారిని గురువు మందలించి పక్కన నిలబెట్టాడు. చూపు ఎలా నిలపాలో ఆ సందర్భంలో నేర్పలేదు. నూరుమందికి పైగా ఉన్న రాకుమారులలో ఒక్కడికే నిలిచిన చూపును ఆదర్శంగా చూపి, తక్కినవారిది లోపమనడం ఎనిమిదో తరగతి గదికి పనికిరాని న్యాయం.

మూడో మాట కూడా చెప్పుకోవాలి. అన్నీ కనిపిస్తున్నాయన్నవాడు ధర్మరాజు. విలువిద్యలో అది లోపం. ధర్మనిర్ణయంలో మాత్రం చెట్టునూ సోదరులనూ చూడలేనివాడే ప్రమాదకారి. అందుకే ఏకాగ్రతను నిరపేక్షమైన సుగుణంగా బోధించడం నైతికంగా నిలవదు. ఆటలో లీనమై గంటలతరబడి తలెత్తని పిల్లవాడికి ఏకాగ్రత కొరత లేదు. అతనికి కొరతైనది దానిని ఎక్కడ ఉంచాలో ఎంచుకునే శక్తి.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఈ భేదాన్ని జీవితమంతా చెబుతూ వచ్చారు. ఒకదాన్ని పట్టుకుని మిగిలినవాటిని వెళ్లగొట్టే ప్రయత్నాన్ని ఆయన ఏకాగ్రతగా గుర్తించి, దేనినీ వెళ్లగొట్టకుండా మెలకువగా ఉండటాన్ని అవధానంగా వేరుచేశారు. బహుమతి, శిక్ష, భయం అనేవాటితో పిల్లల దృష్టిని నిలబెట్టే పద్ధతిని ఆయన విద్యగా అంగీకరించలేదు. ఈ భేదం విలువైనది. ఈ పరికరం విషయంలో అది ఒంటరిగా చాలదు. కృష్ణమూర్తి ఊహించిన పిల్లవాడి కిటికీ బయట పక్షి కూస్తుంది, ఆకు రాలుతుంది. ఆ పక్షికి పిల్లవాడి చూపుతో లాభం లేదు. తెరమీద మెరిసే ఎర్రచుక్క అలాంటిది కాదు, చూపును లాగడానికే దానిని రూపొందించారు. సమాచారం సమృద్ధిగా ఉన్నచోట అవధానం కరవవుతుందని ఆర్థికశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే గుర్తించాడు. ఆ కరవైన వస్తువు మీద వ్యాపారం నడుస్తున్న కాలంలో, దాన్ని కాపాడుకోవడం పూర్తిగా పిల్లవాడి మెలకువకే వదిలేయడం ఉపేక్ష అవుతుంది.

అప్రస్తుత ప్రసంగి ఎవరు?

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులుంటారు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి వంటి అంశాలు వారి మధ్య పంచి ఉంటాయి. సభలకు తగినట్టు అంశాలు కొంత మారినా అప్రస్తుత ప్రసంగం దాదాపు తప్పనిసరి. అవధాని పద్యపాదం కూర్చుకుంటున్న క్షణంలోనే అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతాడు. వంటల గురించో సినిమాల గురించో అడుగుతాడు. అవధాని జవాబు చెప్పి తీరాలి, చమత్కారంగా చెప్పాలి, వదిలిన పాదం దగ్గరికి తిరిగి రావాలి. అక్కడ గంటలు మోగుతుంటాయి, వాటినీ లెక్కపెట్టుకోవాలి. నోటిఫికేషన్ల నడుమ చదువుకునే విద్యార్థి స్థితికి ఇంతకంటే దగ్గరి పోలిక సాహిత్యంలో దొరకడం కష్టం. అందువల్లే కాబోలు, అవధానాన్ని ఒకేసారి అనేక పనులు చేయడానికి ప్రాచీన నిదర్శనంగా చూపే అలవాటు వ్యాప్తిలోకి వచ్చింది.

అది సరైన అవగాహన కాదు. అవధాని ఎనిమిది పనులను ఒకే క్షణంలో చేయడు. వరుసగా ఒక్కొక్క పృచ్ఛకుడి దగ్గరికి వస్తాడు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెబుతాడు. నాలుగు ఆవృత్తులలో పద్యం పూర్తవుతుంది. చివర అన్ని పద్యాలనూ ధారణ చేసి ఒప్పజెబుతాడు. పృచ్ఛకులు ఎవరి స్థానంలో వారు కూర్చుంటారు, ఆ వరుస సభ ముగిసేదాకా నిలిచి ఉంటుంది. ఎవరు ఎక్కడున్నారో, ఎవరి దగ్గర ఏ పాదం ఆగిందో అన్న ఏర్పాటు మీద అవధాని మనసు ఆధారపడుతుంది. అంటే సర్దుబాటు అవధానానికి వెలుపలి సౌకర్యం కాదు, దాని లోపలి నిర్మాణంలో భాగం. ట్యాబ్‌లో ఒక యాప్ ఎప్పుడూ ఒకే చోట ఉండాలని ఉపాధ్యాయిని పట్టుబట్టడంలో ఉన్న న్యాయం ఇదే. వెతుకులాటలో పోయేది కొద్ది క్షణాలే అయినా, నిఘంటువు కోసం బయలుదేరిన వేలు దారిలో మరో నాలుగు గుర్తులను దాటుకుని వెళ్లాలి. ఆ నాలుగింటిలో ఏదో ఒకటి దానిని ఆపుతుంది.

అప్రస్తుత ప్రసంగికీ నోటిఫికేషన్‌కూ ఉన్న తేడా ఈ చర్చలో కీలకం. అప్రస్తుత ప్రసంగి సభలో కనిపిస్తాడు, అతని పేరు అందరికీ తెలుసు. అడ్డుతగలడం అతనికి అప్పగించిన పాత్ర, దానికి హద్దులున్నాయి. అవధాని ఆ సభకు తానై వచ్చినవాడు. తిరుపతి వేంకటకవులు సభలలో ఎదుర్కొన్న సవాళ్లు ఎంత కఠినమైనవైనా వారు కోరి ఎదుర్కొన్నవే. అన్నిటికంటే ముఖ్యంగా, అవధాని గెలిచినప్పుడే అప్రస్తుత ప్రసంగి ప్రతిభకూ సార్థకత. పద్యం చెడితే అతను గెలిచినట్టు కాదు, సభ ఓడినట్టు. నోటిఫికేషన్ పంపేవాడు కనిపించడు. విద్యార్థి ఏ పాదం దగ్గర ఆగాడో వాడికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. విద్యార్థి తిరిగి పాఠానికి వెళ్లకపోవడమే వాడికి లాభం. ఆటంకం ఒకటే అయినా ఆటంకపరచేవాడి ఉద్దేశాన్ని బట్టి దాని నైతిక స్వభావం మారిపోతుంది. అవధానికి అడిగినంత నిగ్రహం పిల్లవాడినీ అడగడం ఈ తేడాను మరచిపోవడమే.

ప్రస్తుతం, అప్రస్తుతం అనే మాటలు అలంకారశాస్త్రంలోనూ ఉన్నాయి. అప్రస్తుతాన్ని వర్ణించి ప్రస్తుతాన్ని స్ఫురింపజేయడం అప్రస్తుత ప్రశంస. ఏదీ తనంతట తానుగా అప్రస్తుతం కాదని, ప్రస్తుతమేదో నిర్ణయమయ్యాకే మిగిలింది అప్రస్తుతమవుతుందని ఆ అలంకారం గుర్తుచేస్తుంది. తరగతి గదిలో ఇది నేరుగా ఉపయోగపడే విషయం. చాలాచోట్ల సర్దుడు పాఠం ‘చదువు’, ‘వినోదం’ అని రెండు ఫోల్డర్లు చేయించడంతో ముగుస్తుంది. ఈ విభజన పైకి కనిపించేంత నమ్మదగినది కాదు. కెమెరా వినోదం ఫోల్డర్‌లోకి వెళుతుంది. సామాన్యశాస్త్రం పాఠంలో ఆకు ఈనెలను దగ్గరగా ఫోటో తీసి గీసుకోవలసిన రోజున అదే ప్రస్తుతం. మరోవైపు, గణితం నేర్పే యాప్ ‘చదువు’లో గౌరవంగా కూర్చుంటుంది. అది లెక్కకొక నక్షత్రం ఇచ్చి, వరుసగా ఎన్ని రోజులు వచ్చావో లెక్కగట్టి, తోటివారితో పోల్చి ర్యాంకు చూపిస్తుంటే పిల్లవాడి మనసు లెక్క మీద కాక నక్షత్రం మీద నిలుస్తుంది. చదువు పేరుతో వచ్చే వ్యవధానాన్ని గుర్తించడం వినోదాన్ని గుర్తించడం కంటే కష్టం. ‘ఇది మంచి యాపా, చెడ్డ యాపా’ అనే ప్రశ్న స్థానంలో ‘ఈ గంటలో నా ప్రస్తుతం ఏమిటి’ అనే ప్రశ్న రావాలి. జవాబు విద్యార్థి నోట రావాలి.

రెండు నిఘంటువులు, రెండు వరుసలు

సర్దడంలో వరుసను ఎవరు నిర్ణయిస్తారన్నది మరో ప్రశ్న. దీనికి నిఘంటు చరిత్రలో మంచి ఉదాహరణ దొరుకుతుంది. అమరకోశం పదాలను వర్గాలుగా కూర్చింది. స్వర్గవర్గం, వ్యోమవర్గం, భూమివర్గం, వనౌషధివర్గం అంటూ అర్థసంబంధాన్ని బట్టి సాగుతుంది. కంఠస్థం చేసేవారి కోసం ఏర్పడిన వరుస అది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది, అది అకారాది క్రమంలో నడుస్తుంది. కావలసినప్పుడు తెరిచి చూసుకునేవారి కోసం ఏర్పడింది. మొదటి వరుసలో పొరుగు పదానికి అర్థంతో బంధుత్వముంది. రెండోదానిలో పొరుగు పదం వర్ణక్రమం వల్ల పక్కకు వచ్చిందంతే. ట్యాబ్ తనంతట తాను చూపే యాప్‌ల జాబితా రెండో రకం. ఫోల్డర్లు చేసుకోమన్నప్పుడు విద్యార్థిని మొదటి రకానికి పిలుస్తున్నట్టు. తన పనులలో ఏది దేనికి చుట్టమో ఆలోచించుకునే అవకాశం అది.

అయితే వర్గీకరణ ఎప్పుడూ తటస్థంగా ఉండదు. అమరకోశం ద్వితీయకాండలోనే బ్రహ్మ, క్షత్రియ, వైశ్య, శూద్ర వర్గాలు ఆ వరుసలోనే వస్తాయి. నిఘంటువును వల్లెవేసిన పిల్లవాడు పదాలతోపాటు ఆ వరుసనూ నేర్చుకున్నాడు. మొదటి పేజీ, రెండో పేజీ, ఫోల్డర్ లోపల అనే స్థాయిలు కూడా విలువలను నేర్పుతాయి. ఆ విలువలను ఉపాధ్యాయిని బోర్డుమీద గీసి అందరిచేతా నకలు చేయిస్తే, పిల్లల తెరలన్నీ ఒక్కలా శుభ్రంగా కనిపిస్తాయి. తనిఖీకి అది అనుకూలం. విద్యార్థి తన వరుసకు తాను కారణం చెప్పలేకపోతే అతను నేర్చుకున్నది శుభ్రత మాత్రమే. ఒకడు పదకోశాన్ని మొదటి పేజీలో ఉంచి, ఎందుకంటే తనకు ఇంగ్లీషు పాఠం అక్కడే ఆగిపోతుందని చెప్పగలిగితే, ఆ తెర మిగతాది ఎంత చిందరవందరగా ఉన్నా అక్కడ ఒక ఆలోచన జరిగిందని అర్థం.

పేర్ల సంగతి కూడా ఇక్కడే ప్రస్తావించాలి. యాప్‌ల పేర్లు చాలావరకు ఇంగ్లీషులోనివి, వాటిని పిల్లలు మార్చలేరు. ఫోల్డర్ పేరు మాత్రం వాళ్ల చేతిలో ఉంటుంది. దానిని తెలుగులో టైపు చేయమంటే ముందు కీబోర్డు మార్చుకోవాలి, ఒత్తులు గుణింతాలు తడుముకోవాలి. ఆ తరువాత ‘చదివేవి’, ‘రాసేవి’, ‘వెతికేవి’, ‘అమ్మ అడిగితే’ వంటి పేర్లు పుట్టవచ్చు. నామవాచకంతో పెట్టిన పేరు వస్తువును చూపిస్తుంది, క్రియతో పెట్టిన పేరు పనిని అడుగుతుంది. ‘వెతికేవి’ తెరిచినవాడు ఏమి వెతకడానికి తెరిచాడో తనకు తాను చెప్పుకోవలసి వస్తుంది. తెలుగు ఉపాధ్యాయులు కంప్యూటర్ ఉపాధ్యాయులకు వదిలేసిన పనిలో తమ వంతు ఇక్కడ కనిపిస్తుంది.

తాళం, దాని పరిమితి

రక్షణ సాఫ్ట్‌వేర్ అవసరమే లేదని ఈ వాదం అర్థం కాదు. హింసాత్మకమైన, అశ్లీలమైన దృశ్యాల నుంచి పిల్లలను కాపాడటం పెద్దల విధి. ఆ విధిని పిల్లల నిగ్రహానికి బదిలీ చేయడం తప్పు. చిక్కల్లా ఆ తాళమే అవధానాన్ని కూడా సాధిస్తుందని నమ్మడం దగ్గర మొదలవుతుంది. అమెరికాలో లాస్ ఏంజిలిస్ పాఠశాలల జిల్లా 2013లో విద్యార్థులకు ఐప్యాడ్‌లు ఇచ్చినప్పుడు, కొద్ది రోజులలోనే ఒక్క ఉన్నత పాఠశాలలో దాదాపు 300 మంది భద్రతా ఏర్పాటును తొలగించి తమకు నచ్చినవి చూడటం మొదలుపెట్టారు. వాళ్లు చేసింది క్లిష్టమైన పనేమీ కాదు, ఒక సెట్టింగ్‌ను తొలగించారు. తాళం విద్యార్థితో సంభాషించదు కనుక, విద్యార్థి తాళానికి ఇవ్వగల జవాబు దానిని తీయడమో తీయకపోవడమో మాత్రమే. తీసిన పిల్లవాడిని దొంగగా చూడటం తేలిక. ఎందుకు తీయకూడదో అతనికి ఎవరైనా చెప్పారా అన్నది ముందు అడగాలి.

తాళం బడిదాకా, పదో తరగతిదాకా ఉంటుంది. ఆ తరువాత చేతికొచ్చే ఫోన్‌కు తాళం ఉండదు. పతంజలి చిత్తవృత్తుల నిరోధానికి అభ్యాసం, వైరాగ్యం అనే రెండు సాధనాలు చెప్పాడు. వైరాగ్యాన్ని పదమూడేళ్లవాడి నుంచి ఆశించడం అతిశయోక్తి. అభ్యాసం మాత్రం ఆ వయసుకు తగినదే, దానికి కావలసింది తప్పు చేసి సరిదిద్దుకునే అవకాశం. అన్నీ మూసి ఉంచిన పరికరంలో ఆ అవకాశం ఉండదు. క్రమంగా తెరుచుకునే తాళం దీనికి మధ్యేమార్గం. ఒక నెల పిన్ చేసిన తెరతో చదివినవాడు తరువాతి నెల పిన్ లేకుండా చదివి చూడటం, ఏ చోట మనసు జారిందో గుర్తించి తన వరుసను మార్చుకోవడం అటువంటిది.

యునెస్కో 2023 నాటి విద్యా పర్యవేక్షణ నివేదిక ప్రకారం అప్పటికి బడులలో స్మార్ట్‌ఫోన్‌ను చట్టం ద్వారానో విధానం ద్వారానో నిషేధించిన దేశాలు నాలుగో వంతు కంటే తక్కువ. నిషేధాల సంఖ్య అప్పటినుంచి పెరుగుతూనే ఉంది. నిషేధం సొంత ఫోన్‌కు వర్తిస్తుంది. ప్రభుత్వమే చదువు కోసం చేతికిచ్చిన పరికరానికి అది జవాబు కాలేదు.

ఇల్లు, బడి, పెద్దలు

ట్యాబ్ సాయంత్రం ఇంటికి వెళుతుంది. అక్కడ అది ఒక్క విద్యార్థిది కాదు. ఒకే ఫోన్ ఉండి, ఆ ఫోన్‌ను తండ్రి పనికి తీసుకెళ్లే ఇంట్లో ట్యాబ్ చెల్లెలికి పాటల పెట్టె అవుతుంది, అమ్మకు దూరాన ఉన్న చుట్టాన్ని చూసుకునే కిటికీ అవుతుంది. తాళం ఎంత ఉన్నా, దాని చుట్టూ ఈ ఆశలు ఉంటాయి. పొద్దున బడికి వచ్చేసరికి సర్దినది చెదిరి ఉండవచ్చు. దానిని అశ్రద్ధగా లెక్కగట్టి మార్కులు తగ్గించే పద్ధతి, విడిగా గదీ బల్లా ఉన్న పిల్లవాడి క్రమాన్ని సద్గుణంగా, ఒకే గదిలో నలుగురితో ఉండే పిల్లవాడి క్రమభంగాన్ని దుర్గుణంగా చూపుతుంది. అవధానానికి చోటు కావాలన్నది నిజమైతే, చోటు లేనివాడి అవధానలోపానికి అతడొక్కడే బాధ్యుడనడం కుదరదు. చెదిరిన తెరను తప్పుగా కాక ఆ రోజు పాఠానికి మొదటి మెట్టుగా తీసుకుని, ఐదు నిమిషాలలో మళ్లీ సర్దుకోనివ్వడమే ఇక్కడ చేయదగినది. చెదిరినదాన్ని కూర్చి ఉంచడమే కదా సమాధానం.

అవధాన సభ ధారణతో ముగుస్తుంది. తరగతి కూడా అలా ముగియవచ్చు. చివరి ఐదు నిమిషాలు తెరలు ఆర్పేసి, ఈ గంటలో ఏవి తెరిచారో, ఎందుకు తెరిచారో, ఏది సగంలో వదిలారో ఒకరిద్దరు చెప్పవచ్చు. దారి తప్పినవాడు ఎక్కడ తప్పాడో శిక్షాభయం లేకుండా చెప్పగలగడం ఇందులో ముఖ్యం. యాప్‌ల వాడకాన్ని నిమిషాల లెక్కన చూపే సౌకర్యం ట్యాబ్‌లోనే ఉంటుంది. ఆ అంకెలను ఉపాధ్యాయిని చూస్తే అది నిఘా అవుతుంది. విద్యార్థి తాను చెప్పినదానితో తానే పోల్చి చూసుకుంటే ఆత్మపరిశీలన అవుతుంది. అంకె మారకపోయినా, దానిని ఎవరు ఎవరి కోసం చదువుతున్నారన్నదాన్ని బట్టి పని స్వభావం మారుతుంది.

ఇక ఉపాధ్యాయుల సొంత తెర. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ఉపాధ్యాయులకు ముఖం గుర్తించే హాజరు యాప్ ప్రవేశపెట్టారు. అప్పటికే మధ్యాహ్న భోజనం వివరాలు, మరుగుదొడ్ల పరిశుభ్రత ఫోటోలు యాప్‌లలో నమోదు చేయవలసి ఉండేది. ఈ పనుల్లో కొన్ని బడివేళల్లోనే పడతాయి. పాఠం మధ్యలో ఫోన్ మోగుతుంది, వివరం పంపాలి, బోర్డుమీద సగం రాసిన వాక్యం ఆగుతుంది. నలభైమంది పిల్లలు అది చూస్తారు. ఏది ప్రస్తుతమో పిల్లలు కారణం చెప్పాలని కోరే ఉపాధ్యాయిని, అదే ప్రశ్న తనను అడిగే హక్కు పిల్లలకు ఇవ్వగలరా? ఇస్తే ఆమె చెప్పే జవాబు ఏదైనా కావచ్చు. భోజనం లెక్క పంపకపోతే రేపు బియ్యం లెక్క తేడా వస్తుందని ఆమె చెప్పవచ్చు. ఇది పాఠం తరువాత చేయగలిగినదే, ఇప్పుడే కావాలని పైవాళ్లు అడిగారని కూడా చెప్పవచ్చు. రెండో జవాబు పిల్లల ముందు చెప్పడానికి ధైర్యం కావాలి. అది విన్న పిల్లవాడు తన తెరమీది ఎర్రచుక్కను చూసి, దీనిని ఇప్పుడే చూడమని అడుగుతున్నది ఎవరని మొదటిసారి ఆలోచించవచ్చు.